పిడికి వేలాడిన టోపీ

“టోపీ పోయిందా? టోపీ పోతే డిటెక్టివు ఎందుకండీ, కొత్తది కొనుక్కోండి! తల పోయినప్పుడు ఫోన్ చెయ్యండి!”

తీగలాయన అంత గట్టిగా అరవడానికి కారణం కోపం కాదు, గడ్డం. సగం గీసుకున్నాడు. మిగతా సగానికి పట్టించిన నురగ, ఫోను ఆనించిన చెవిలోకి కూడా చేరింది. అవతల మాట్లాడుతున్నది నీటి సరఫరా సంస్థ పెద్దాఫీసు గుమస్తా.

“తల కూడా పోయింది సార్. మొన్న మూడో నంబరు పంపు హౌసులో వాల్వు మనిషి ఒకడు మునిగి చనిపోయాడు. అతనితోపాటే అదీ పోయింది. అది లేక మాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఎలాగైనా వెతికిపెట్టాలి.”

“మనిషి పోతే ఆ సంగతి ముందు చెప్పక టోపీ గోలేమిటయ్యా?”

“మనిషి సంగతి పోలీసులు చూసుకుంటున్నారు సార్. మాకు కావలసింది అదొక్కటే.”

ఫోను పెట్టేసి తీగలాయన అద్దంలో తన మొహం వంక చూసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఒకరికొకరు పెట్టుకున్న టోపీల గుట్టు విప్పడమే తన వృత్తి. పోయిన టోపీని వెతకమన్న వాళ్ళు మాత్రం ఇదే మొదలు.

ఆయనకూ ఒకప్పుడు అసలు పేరుండేది. కరెంటు డిపార్టుమెంటులో వైర్‌మన్‌గా స్తంభాలెక్కి తీగలు లాగిన రోజుల్లో అది అరిగిపోయింది. తర్వాత నేరాల తీగలు లాగి డొంకలు కదిపే పనిలో పడ్డాక కొత్త పేరే ఖాయమైంది. పెద్ద గొంతు, దాంతో పోటీపడే పొట్ట, మాటకు మాట ముడేసి ఎదుటివాడికంటే ముందు తానే నవ్వేసే అలవాటు. ఈ మూడూ లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్ళడు.

మధ్యాహ్నం మూడు కావడానికి పావుగంట ఉందనగా ఆ మూడింటితో మూడో నంబరు పంపు హౌసు కంట్రోల్ రూములో అడుగుపెట్టాడు.

లోపల ముగ్గురున్నారు. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నవాడు పోలీసు సైబర్ విభాగం ఇన్‌స్పెక్టరు. తీగలాయన తేల్చిన రెండు కేసులు తన ఖాతాలో వేసుకున్నవాడు, మూడోది పోగొట్టుకున్నవాడు. అందుకే ఇద్దరికీ పడదు. కిటికీ దగ్గర మెడలో కార్డు తగిలించుకుని నిలబడ్డవాడు పెద్దాఫీసు కంప్యూటర్ సెక్షన్ అధికారి. మూలన స్టూలు మీద నలభై దాటిన ఒకావిడ. ఇక్కడి షిఫ్టు ఆపరేటరు. కుడిచేతిని ఎడమచేతి కింద దాచిపెట్టుకుని కూర్చుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

“రండి రండి తీగలాయనా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఆలస్యంగా వచ్చారు. ఇది తీగల కాలం కాదు, వైర్‌లెస్ కాలం.”

“వైరు లేకపోతేనేం, మనిద్దరికీ వైరం ఉందిగా. దాన్ని పట్టుకుని వచ్చేశాను.”

“వచ్చినా చెయ్యడానికేం లేదు. కేసు అయిపోయింది.” ఇన్‌స్పెక్టరు ఒక కాగితం ఊపాడు. “కంప్యూటర్ లాగ్. మొన్న ఉదయం పదకొండూ యాభై రెండు నిమిషాల ఏడో సెకనుకి మూడో పంపు స్టార్టు. ఎవరి లాగిన్‌తో? ఈవిడ లాగిన్‌తో. అప్పుడు వాల్వు గుంతలో ఎవరున్నారు? ఈవిడ మరిది. గొట్టం విప్పి ఉంది, నీళ్ళు మీద పడ్డాయి, అయిపోయింది. నిర్లక్ష్యం. సరిగ్గా నాలుగింటికి అరెస్టు. లాగ్ అబద్ధం చెప్పదు సార్.”

“లాగు అబద్ధం చెప్పదయ్యా. లోపల ఉన్నది కనిపించకుండా కప్పెడుతుందంతే.”

కార్డాయన పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. ఆపరేటరమ్మ నవ్వలేదు. మెల్లగా లేచి నిలబడింది.

“సార్, మీరు ఎవరి తరఫున వచ్చారో నాకు తెలీదు. అరెస్టు చేస్తే చెయ్యనివ్వండి. నాకొక్కటి చెప్పండి చాలు. నా చెయ్యి తగిలిందా, లేదా? ఏ మతిలో ఉండి నొక్కానో అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఇంటికి వెళ్తే మా అత్తగారు నా మొహం చూడటం లేదు సార్. నా చేతులు చూస్తోంది.”

తీగలాయన నోట్లో సిద్ధంగా ఉన్న మాట ఒకటి అక్కడే ఆగిపోయింది. స్టూలు ఆవిడ వైపే జరిపి, తాను బల్ల అంచున కూర్చున్నాడు.

“కూర్చోమ్మా. గడియారం ఎదురుగా పెట్టుకుని చెప్పినట్టు చెప్పు. ఎన్నింటికి ఏమైంది?”

“పదకొండుంపావుకి మూడో పంపు నడుస్తోందండి. వాల్వు కారుతోందని, గుంతలోకి దిగి బిగించాలని మా మరిది అన్నాడు. పదకొండూ ఇరవైకి నేను ఈ తెర మీద ‘ఆపు’ నొక్కాను. పంపు ఆగింది. గేజి సూది సున్నాకొచ్చాక రిజిస్టర్లో రాశాను. పదకొండున్నరకి హాల్లోంచి ఇంటర్‌కమ్ చేశాడు. ‘వదినా, టోపీ పెట్టేశాను, దిగుతున్నా’ అన్నాడు. ‘నాకు టోపీ పెట్టడం నీకేం కొత్తా? చూసుకుని దిగు’ అన్నాను.” ఆవిడ ఇంటర్‌కమ్ వైపు చూసింది. “రోజూ అదే మాటండి. పదకొండేళ్ళుగా అదే వేళాకోళం.”

తీగలాయన బల్ల మీంచి దిగిపోయాడు. “ఆ టోపీ! అదే కదమ్మా పోయింది? ఎక్కడ పోయింది?”

ఇన్‌స్పెక్టరు పకాలున నవ్వాడు. “మనిషి పోతే ఈయన టోపీ వెతుకుతున్నాడు!”

“పోలేదండి,” అంది ఆపరేటరమ్మ, వింతగా చూస్తూ. “ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది. రెండు రోజుల్లో ఇంతమంది వచ్చారు. దాని మాట అడిగింది మీరొక్కరే.”

‘పోయిందన్నారు, పోలేదంటోంది’ అని తీగలాయన చెవి గోక్కున్నాడు. కొంచెం సబ్బు రాలింది. “సరే, దాని దగ్గరికే వెళ్దాం. ముందిది చెప్పు. పదకొండూ యాభై రెండుకి ఎక్కడున్నావు?”

“అదిగో, ఆ గేజి దగ్గర. తెరకీ దానికీ ముప్ఫై అడుగులు. చూస్తుండగానే సూది లేచింది. పరిగెత్తుకొచ్చి ‘ఆపు’ నొక్కాను. తీసుకోలేదు. ‘దయచేసి వేచి ఉండండి’ అని చక్రం తిరగడం మొదలెట్టింది. నాలుగు నిమిషాలు తిరిగింది సార్. నాలుగు నిమిషాలు నేను దాని ముందు నిలబడి నొక్కుతూనే ఉన్నాను.”

“ఎందుకు తిరిగిందయ్యా?” అని తీగలాయన కార్డాయన మీదికి తిరిగాడు.

“అంటే… అప్పుడే సర్వరు… ఒక్కోసారి లోడు ఎక్కువైతే…” కార్డాయన నీళ్ళు నమిలాడు. నీటి సరఫరా సంస్థలో నీళ్ళకు కరువేముంది!

*

పంపు హాల్లో నిశ్శబ్దం. మూడో పంపు మొన్నటినుంచీ మూగబోయి ఉంది. దాని పక్క గోడకు ఎర్ర రంగు వేసిన ఇనప పిడి ఒకటి, మోచెయ్యంత పొడవుది, కిందికి దించి ఉంది. ఆ పిడికి నీలం రంగు గుడ్డ టోపీ. అంచు చెమటకు తెల్లబారింది.

“చెప్పమ్మా, దీని కథేమిటి?”

“మా పద్ధతండి ఇది. ఈ పిడి కిందికి దించితే పంపుకి కరెంటు పోతుంది. గుంతలోకి దిగేవాడు పిడి దించి, తన టోపీ దానికి తగిలించి దిగుతాడు. టోపీ ఉన్నంతసేపు పిడి ఎవరూ ముట్టుకోరు. చీఫ్ ఇంజనీరొచ్చినా సరే. పైకొచ్చి పెట్టినవాడే తీసుకోవాలి. నేను చేరినప్పటినుంచీ ఇదే. అంతకుముందునుంచీ ఇదేనట.”

తీగలాయన పాత వైర్‌మన్. కాగితం కంటే తీగను నమ్ముతాడు. పిడి వెనకనుంచి బయల్దేరిన రెండు లావుపాటి తీగల మీద వేలు ఆనించి, గోడ వెంట నడిచాడు. మూడడుగుల తర్వాత వేలు ఆగింది. తీగలు అక్కడితో తెగిపోయి ఉన్నాయి. కొసలకు నల్లటి టేపు శుభ్రంగా చుట్టి ఉంది. ఆ పక్కనే బూడిద రంగు కొత్త పెట్టె, చిన్న పచ్చ దీపం వెలిగించుకుని కూర్చుంది.

“కార్డుగారూ! ఈ పిడి దేన్ని ఆపుతుంది?”

“ఇప్పుడు దేన్నీ ఆపదండి,” అన్నాడు కార్డాయన. “ఎనిమిది నెలల క్రితం పంపులన్నిటినీ ఆఫీసు నెట్‌వర్కుతో కలిపేశాం కదా. పంపు నడిపేది ఈ పెట్టె. దీనికి ఆర్డరు సర్వరు నుంచి వస్తుంది. పిడికి పనిలేదు.”

“మరి ఉంచారేం?”

“తీస్తే గోడకి కన్నం పడుతుందన్నాడు కాంట్రాక్టరు.”

ఆపరేటరమ్మ గోడకు చెయ్యి ఆనించింది. “పిడి చచ్చిపోయిందా?” అంది. “ఎనిమిది నెలలుగా చచ్చిపోయిన పిడికి టోపీలు పెడుతున్నామా?”

“చెప్పలేదా వీళ్ళకి?” తీగలాయన గొంతు హాలంతా మోగింది.

“పంపాం సార్, మెయిలు పంపాం.”

“పంపుకి పంపారా?”

“సిబ్బంది అందరికీ పంపాం. రూలు ప్రకారం వాల్వు మనుషులక్కూడా తలా ఒక మెయిల్ ఐడీ ఇచ్చాం.”

“వాళ్ళు దాన్ని తెరిచారా?”

“తెరవలేదండి. పాస్‌వర్డు కూడా మెయిల్లోనే పంపాం.”

మామూలుగానైతే తీగలాయన ఈ మాట పట్టుకుని నెల్లాళ్ళు బతికేవాడు. ఇవాళ దానివంక అలా చూసి వదిలేశాడు.

“గోడకి కన్నం పడకూడదని ఇంటికి కన్నం పెట్టారు కదయ్యా,” అన్నాడు, నెమ్మదిగా.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. మూడూ పది. “పిడి చచ్చిందో బతికిందో నాకు అనవసరం. స్టార్టు ఆర్డరు ఈవిడ పేరు మీదే వెళ్ళింది. ఈవిడ గేజి దగ్గరుందనడానికి సాక్ష్యం ఏది? రిజిస్టర్లో ఈవిడే రాసుకుంటే సరిపోతుందా?”

“ఇంకెవరు రాస్తారు ఇందులో?” తీగలాయన హాలు గుమ్మం దగ్గర తాడుకు కట్టి ఉన్న రిజిస్టరు అందుకున్నాడు.

“పని మీద వచ్చినవాళ్ళందరూ రాయాలండి,” అంది ఆపరేటరమ్మ. “ఆ రోజు ఎలక్ట్రీషియన్ కూడా వచ్చాడు, యార్డులో బల్బులు మార్చడానికి.”

తీగలాయన పేజీ తిప్పాడు. కోడి గీతల్లాంటి చేతిరాత. ఒకసారి చదివి, రెండోసారి పైకి చదివాడు.

“‘10.50. యార్డు లైట్లన్నీ వేశాను, చూడటానికి. 11.30. ఆపాను. 11.52. లైట్లు వాటంతటవే వెలిగాయి. మళ్ళీ ఆపాను. స్విచ్చు దగ్గర ఎవరూ లేరు. దయ్యం.’ కింద సంతకం.”

“దయ్యమా!” ఇన్‌స్పెక్టరు నవ్వాడు. “బాగుంది, నిందితుల్లో దాన్నీ చేర్చమంటారా?”

“చేరుద్దాం. ముందు దాని లాగ్ చూద్దాం. ఇన్‌స్పెక్టరుగారూ, మీ కాగితంలో ఆ ఏడో సెకను కింద ఎన్ని వరసలున్నాయి?”

“ఒకటే. మూడో పంపు స్టార్టు.”

“ఉన్నది ఒకటేనా, మీరు అడిగింది ఒకటేనా?”

ఇన్‌స్పెక్టరు మొహం కొంచెం మారింది. “పంపు కేసులో పంపు వరసే కదా తీస్తాం!”

“బావిలో శవం ఉంటే బకెట్టుకి వచ్చినంతవరకే చూస్తారన్నమాట. మొత్తం తియ్యండి.”

“నాకు పని నేర్పనక్కర్లేదు.”

“నేర్పడం లేదు బాబూ, బతిమాలుతున్నాను. నాలుగింటికి నీ సంకెళ్ళు ఎక్కడికీ పోవు. ఆ ఒక్క సెకను విప్పి చూపించు.”

కంట్రోల్ రూముకు తిరిగొచ్చారు. ఇన్‌స్పెక్టరు ముక్కుతో గాలి వదిలి మీటలు నొక్కాడు. తెర మీద వరసలు పేర్చుకున్నాయి. మూడో పంపు స్టార్టు. యార్డు లైట్లు, ఒకటి నుంచి పన్నెండు దాకా, ఆన్. స్టోరు గది ఫ్యాను ఆన్. రెండో గేటు తెరువు. హాలు ఎగ్జాస్టులు రెండూ ఆన్. అన్నీ పదకొండూ యాభై రెండు, ఏడో సెకను. అన్నిటి పక్కనా ఆపరేటరమ్మ లాగినే.

తీగలాయన వేలుపెట్టి లెక్కపెట్టాడు. “పదిహేడు. ఒక్క సెకనులో పదిహేడు మీటలు. అమ్మా, నీకు ఎన్ని చేతులు?”

ఆవిడ దాచుకున్న కుడిచెయ్యి తీసి ఎదుట పెట్టుకుంది. మొదటిసారి దానివంక చూసింది.

తీగలాయన కార్డాయన దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడా గొంతులో కేకల్లేవు. “చెప్పు నాయనా. మొన్న ఆ పూట మీ సర్వరుకి ఏం చేశారు?”

కార్డాయన మెడలోని కార్డును అటూ ఇటూ తిప్పాడు. “అప్‌డేట్ వేశాం సార్. దొంగలు చొరబడకుండా భద్రత కోసం. పదకొండుంపావుకి, ఉన్నది ఉన్నట్టు అంతా ఒక కాపీ తీసుకుని సర్వరు నిద్రపోయింది. పదకొండూ యాభై రెండుకి లేచింది. లేవగానే కాపీలో ఏదెలా ఉందో అలాగే తిరిగి పెట్టేసింది. ఆఫీసు కంప్యూటర్లకి అదే పద్ధతి సార్. సగం రాసిన ఉత్తరం పోకుండా మళ్ళీ తెర మీదికొస్తుంది. అందరూ మెచ్చుకుంటారు.”

“పదకొండుంపావుకి పంపు నడుస్తోంది. లైట్లు వెలుగుతున్నాయి.”

“అవునండి.”

“పదకొండూ ఇరవైకి ఈవిడ ఆపింది, పదకొండున్నరకి అతను లైట్లు ఆపాడు. నిద్రలో ఉన్న సర్వరుకి అది తెలీదు.”

“తెలీదండి. సర్వరు నిద్రలో ఉన్నంతసేపు పెట్టె ఇక్కడి తెర మాటే నేరుగా వింటుంది, ఆ మాట సర్వరుకి చేరదు. చివరగా లాగిన్‌లో ఉన్నది ఈవిడే కాబట్టి ఆర్డర్లన్నీ ఈవిడ పేరు మీదే పడ్డాయి. పాత పిడి పనిచేస్తోందో లేదో మా సెక్షనుకి సంబంధం లేదు. అప్‌డేట్ ఎప్పుడు పడుతుందో పంపు హౌసుకి సంబంధం లేదు. రెండూ కలిపారు గాని సార్, మమ్మల్నీ వీళ్ళనీ కలిపి ఒక్కరోజు కూర్చోబెట్టలేదు.”

“విన్నావామ్మా?” అన్నాడు తీగలాయన. “నీ చెయ్యి తగల్లేదు. ఎవరి చెయ్యీ తగల్లేదు. సగం రాసిన ఉత్తరాన్ని పూర్తిచేసినట్టు, సగం తిరిగిన పంపును తిప్పేసింది.”

ఆపరేటరమ్మ కుడిచేత్తో బల్ల మీది కాగితం ముందుకు జరిపింది. “ఆ మాట మా అత్తగారికి రాసివ్వండి సార్,” అంది, ఇన్‌స్పెక్టరుతో.

ఇన్‌స్పెక్టరు తన ఫారం తీశాడు, చూశాడు, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. వాదించేవాడి గొంతు కాదిప్పుడు. “ఇందులో నిందితుడి పేరు, తండ్రి పేరు, వయసు అని గళ్ళున్నాయమ్మా. అప్‌డేట్‌కి తండ్రి పేరేమని రాయను? ఇవాళ అరెస్టు చెయ్యను. రేపు పైవాళ్ళు ఎవరో ఒకరి పేరు కావాలంటే… నేను చెప్పలేను.”

*

గోడ గడియారం మూడూ ముప్ఫై రెండు చూపిస్తోంది. కార్డాయన కుర్చీలో కూలబడి తన ఫోను వంక చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

“సార్. ఈ అప్‌డేట్ ఒక్కోసారి ఒక్కో పంపు హౌసుకి వంతులవారీగా పడుతుంది. ఇవాళ ఐదో నంబరు వంతు. మూడూ పదికి కాపీ తీసుకుని నిద్రపోయింది. మూడూ నలభైకి లేస్తుంది.”

ఆపరేటరమ్మ అప్పటికే బల్ల మీది ఫోను లాక్కుంది. “మూడు ఆగిందని లోడంతా ఐదు మీద పడేశారు. వాల్వు కారుతోందని అక్కడి ఆపరేటరు పొద్దున్నే చెప్పాడు.” స్పీకరు నొక్కింది. మూడోసారి మోగాక ఐదో నంబరు ఆపరేటరు ఎత్తాడు.

“అక్కా, నువ్వా? ఎలా ఉన్నావక్కా?”

“ఒరేయ్, గుంతలో ఎవరైనా ఉన్నారా?”

“వాల్వు మనిషి ఉన్నాడు. మూడూ ఇరవైకే పంపు ఆపేశాను. కంగారేం లేదక్కా, టోపీ పిడి మీదే ఉంది.”

“కార్డూ! ఆపు దాన్ని!” తీగలాయన అరిచాడు.

“ఆపాలంటే సర్వరులోకి వెళ్ళాలి సార్, ఓటీపీ కావాలి. అది ఈ స్టేషను డ్యూటీ ఫోనుకే వస్తుంది. ఇరవైనాలుగు గంటలూ ఎత్తే మనిషి ఉంటాడని అప్పట్లో ఈ నంబరే ఇచ్చాం. ఆ ఫోను…”

“టార్చి కోసం మా మరిది పట్టుకెళ్ళాడు,” అంది ఆపరేటరమ్మ. “గుంతలో పోయింది.”

“నంబరు మార్చండయ్యా!”

“మార్చడానికి పాత నంబరుకి ఓటీపీ వస్తుంది సార్. కొత్త సిమ్ముకి రెండు పనిదినాలు పడుతుందన్నారు.”

తీగలాయన ఒక్క క్షణం కొయ్యబారిపోయాడు. ఓటీపీ. పొద్దున చెవిలో నురగ, ఫోన్లో గుమస్తా… అది తలచుకోవడానికి కూడా టైము లేదు. జేబులోంచి పాత కటింగ్ ప్లేయరు తీశాడు. “తీగ కోసెయ్యమందాం! ఐదో నంబరుకి పోయే తీగ!”

“కోస్తే లాభం లేదండి. కాపీ అక్కడి పెట్టెలోనే ఉంది. తీగ లేకపోతే అది తనకు గుర్తున్నదే చేస్తుంది.”

“మెయిన్ స్విచ్చు! ఒరేయ్ బాబూ, మెయిన్ లాగెయ్!”

“మెయిన్ గదికి కార్డు తలుపు పెట్టారు సార్,” అన్నాడు ఐదో నంబరు ఆపరేటరు. “ఇందాకట్నుంచీ కార్డు తీసుకోవడం లేదు. ‘దయచేసి వేచి ఉండండి’ అంటోంది.”

ప్లేయరు తీగలాయన చేతిలో తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పేరుకు తీగలాయన. కొయ్యడానికి ఒక్క తీగ లేదు.

“నేను గుంత దగ్గరికి పరిగెడతానక్కా!”

“ఎంత దూరం?”

“ఆరువందల గజాలు.”

మూడూ ముప్ఫై ఎనిమిది దాటింది. ఆపరేటరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. “పరిగెత్తకు. సుత్తి తీసుకో. డెలివరీ గొట్టం మీద కొట్టు. మూడు దెబ్బలు, గట్టిగా. నీకంటే ఇనుము ముందు చేరుతుంది.”

అది కూడా పాత పద్ధతే. మూడు దెబ్బలంటే పైకి రా. రెండు దెబ్బలంటే విన్నాను. హాళ్ళలో ఇంటర్‌కమ్‌లు వచ్చాక ఎవరూ కొట్టింది లేదు. గుంతలో అవీ లేవు. ఫోనును బల్ల మీద వదిలేసిన చప్పుడు వినిపించింది. తర్వాత దూరంగా ఇనుము మీద ఇనుము. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

ఏమీ లేదు.

మళ్ళీ మూడు దెబ్బలు.

ఇన్‌స్పెక్టరు స్పీకరు మీదికి వంగాడు. కార్డాయన కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు సన్నగా… టింగ్. టింగ్.

“విన్నాడు,” అంది ఆపరేటరమ్మ. “పద్దెనిమిది మెట్లు. అన్ని గుంతలూ ఒకే కొలత.” పైకి లెక్కపెట్టసాగింది. “ఒకటి… రెండు… మూడు…” ఆవిడ ఎంత నెమ్మదిగా లెక్కపెడుతోందో విని తీగలాయనకు అర్థమైంది. తడిసిన బూట్లతో, పనిముట్ల సంచితో ఇనప నిచ్చెన ఎక్కే మనిషి వేగం అది. మొన్న ఒకడు ఎక్కి ఉండవలసిన వేగం.

“పన్నెండు… పదమూడు…”

స్పీకర్లోంచి మోటారు మూలిగింది. మూలుగు కాస్తా రొదగా మారింది. ఫోనులో ఇంకే చప్పుడూ మిగల్లేదు.

ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. పద్నాలుగు, పదిహేను. తర్వాత ఆగిపోయాయి.

చెయ్యగలిగింది ఏమీ లేనప్పుడు నలుగురు మనుషులు గడియారం చూస్తారు. చూశారు. మూడూ నలభై ఒకటి. నలభై రెండు. నలభై అయిదు. ఇన్‌స్పెక్టరు ఫారం మూలను సన్నగా మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

మూడూ నలభై తొమ్మిదికి రొద మధ్యలోంచి గస పోసుకుంటూ ఒక గొంతు. “అక్కా… టోపీ తీసుకున్నాడక్కా. తలదాకా తడిసిపోయాడు. చేతులు వణుకుతున్నాయి. నేను అందిస్తానంటే ఒప్పుకోలేదు, వాడే తీసుకున్నాడు.”

ఆపరేటరమ్మ ఫోను పెట్టేసింది. ఏడవలేదు. తెర మీద పడిన దుమ్మును కుడిచేత్తో తుడిచింది.

“రేపు ఏడో నంబరు వంతు,” అన్నాడు కార్డాయన, ఎవరితోనో కానట్టు. “ఎల్లుండి రెండు. అన్ని చోట్లకీ ఫోన్ చేసి చెబుతాను. కానీ దాన్ని మాత్రం ఆపలేను.”

అప్పుడే తీగలాయన జేబులో ఫోను మోగింది. పెద్దాఫీసు గుమస్తా. తీగలాయన స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

“సార్, దొరికిందా సార్?”

“ఏది?”

“అదే సార్, ఓటీపీ. ఓటీపీ వచ్చే ఫోను.”

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. “ఓటీపీ కోసమా మిమ్మల్ని పిలిచింది? మరి వచ్చీ రాగానే టోపీ అడిగారేం? అంత కచ్చితంగా మీకెలా తెలిసింది?”

“తెలియలేదు బాబూ,” అన్నాడు తీగలాయన. ఇంతమంది ముందు ఇంత చిన్న గొంతుతో ఆయన ఎప్పుడూ మాట్లాడి ఉండడు. “నా చెవిలో సబ్బుంది. వాళ్ళు ఓటీపీ పోయిందన్నారు, నాకు టోపీ పోయిందని వినపడింది. మనిషి పోతే టోపీ కోసం ఏడుస్తారేమిటని తిట్టుకుంటూ వచ్చాను. నిజానికి వాళ్ళు ఏడ్చింది టోపీకి కూడా కాదు. అంతే అమ్మా. నువ్వు నన్ను తెలివైనవాణ్ణనుకున్నావేమో. చెవిటివాణ్ణి.”

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

“అయితే ఫోను సంగతి ఏమని రాసుకోమంటారు సార్?” అంది బల్ల మీది ఫోను. తీగలాయన దాన్ని ఆపేసి లేచాడు. హాల్లోకి నడిచాడు. మిగతావాళ్ళు వెనకే వచ్చారు. పిడి ముందు నిలబడి, ఆ నీలం టోపీని దులిపి ఆవిడ చేతికిద్దామనుకున్నాడు. ఇంటి దగ్గర ఒక ముసలావిడ చూస్తున్న ఆ చేతుల్లో, పట్టుకెళ్ళడానికి ఏదో ఒకటి పెడదామనుకున్నాడు. చెయ్యి చాచాడు.

“వద్దండి,” అంది ఆపరేటరమ్మ వెనకనుంచి. “పెట్టినవాడే తియ్యాలి.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.